మేలుకోటలో ముడిలేని దారం

పొద్దు బారెడెక్కింది. జాగరపురి తూర్పుద్వారం ముందు, బండ్లు తిరిగే బాటకు నడిమధ్యన, ఒక మనిషి వెల్లకిలా పడుకొని ఉన్నాడు. అతని ఎడమకన్ను మూసుకొని హాయిగా నిద్రపోతోంది. కుడికన్ను మాత్రం తెరుచుకొని, ఆకాశంలో పోతున్న మబ్బుల్ని తీరిగ్గా చూస్తోంది. ముక్కుపుటాల చుట్టూ నీలిరంగు పొడి అంటుకొని ఉంది.

ఎడ్లబండ్లు అతన్ని తప్పించుకొని పోతున్నాయి. పెరుగుకుండ నెత్తిన పెట్టుకొన్న ఒక ముసలమ్మ ఆగి, అతని ముక్కు చూసి గుండె బాదుకుంది.

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ! లే నాయనా, లేచి ఆ పొదల్లోకి పో. భటులు చూశారంటే నీ నిద్ర వడికేస్తారు!"

పడుకున్నవాడు కుడికన్ను ఆమెవైపు తిప్పాడు. "వాళ్ళ కోసమేనమ్మా ఈ పడక. నీకు పుణ్యముంటుంది, ఓ కేకేసి పిలువు."

"ముదిరిపోయింది పాపం" అనుకుంటూ ముసలమ్మ పెరుగు తొణక్కుండా పరుగులాంటి నడక నడిచింది.

ఆ పడుకున్నవాడే మైలారి. రెల్లుమడుగు లంకల్లో బాతులమంద మేపుకొనేవాడు. మంద అంచున పడుకొనే బాతులు ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి నిద్రపోతాయి. నక్క వస్తే తెరిచిన కన్ను చూస్తుంది. మూసిన కన్ను తన నిద్ర తాను పోతూనే ఉంటుంది. బుద్ధెరిగిన నాటినుంచీ బాతుల మధ్యనే పడుకొన్న మైలారికీ ఆ నిద్రే పట్టుబడింది. పెళ్ళిచూపులకు వెళ్ళినచోట భోజనం కాగానే ఇలాగే కునుకు తీసి, పిల్లదానికి కన్ను కొడుతున్నాడన్న అపవాదుతో ఒక సంబంధం పోగొట్టుకొన్నాడు కూడా.

ముక్కుకు పూసుకొన్నది ఉత్త నీలిమందు, బట్టలకు వేసేది. చెయ్యని నేరం నెత్తిన వేసుకొని మేలుకోట చెరలో పడాలని అతని ఎత్తు. ఎందుకంటే ఆ కోటలో అతని అన్న గంగులు ఉన్నాడు.

తల్లీతండ్రీ లేని మైలారిని చంకనేసుకొని పెంచినవాడు గంగులు. నిరుటి వరదలో గంగులు భార్య పడవతో సహా మడుగులో మునిగిపోయింది. ఆ తరువాత ఎవరో అతనికి నీలిసంపెంగ పుప్పొడి చూపించారు. చిటికెడు పీలిస్తే చాలు, రెప్పల వెనక ఇంకో లోకం తెరుచుకుంటుంది. అక్కడ నీళ్ళు వెన్నెల రంగులో ఉంటాయి. తామరాకుల మీద మనుషులు అడుగులు వేసుకుంటూ నడుస్తారు. మునిగిన పడవలు ఒక్కొక్కటే పైకి తేలి, నీరు కారుతూనే రేవుకు చేరతాయి. వాటిలోంచి, పోయినవాళ్ళు కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకొని నవ్వుతూ దిగుతారు. గంగులు రోజూ ఆ రేవుకే పోయేవాడు. ఒకరి సొమ్ము ముట్టలేదు. ఒకరిని పల్లెత్తుమాట అనలేదు. తన వాకిట్లో తాను కూర్చొని, తనలో తాను నవ్వుకొంటూ, ఎండుపుల్లలా అయిపోయాడు.

రెల్లుమడుగుకు ఈ జబ్బు కొత్త కాదు. దానికి వేలిదారం వైద్యం ఉంది. తామరతూడు నారతో పేనిన దారం ఒక కొస రోగి చిటికెనవేలికి, ఇంకో కొస కాపు ఉన్నవాడి చిటికెనవేలికి తొడుగుతారు. పుప్పొడిని ఒక్కసారిగా మాన్పించరు. గంజిలో కలిపి ఇస్తూ, పూటపూటకూ తగ్గిస్తారు. మనసు అటు పీకినప్పుడు రోగి దారం లాగాలి. లాగితే కాపువాడు లేచి, పక్కన కూర్చొని, ఆ పీకుడు పోయేదాకా ఊసులాడాలి. ఊరంతా వంతులవారీగా కాపు ఉంటుంది. పనీపాటా లేక కబుర్లు చెప్పేవాళ్ళకు ఊళ్ళో గౌరవం దొరికేది ఆ ఒక్క వైద్యంలోనే. కట్టుబాటు కూడా ఒక్కటే. దారానికి ముడి వెయ్యకూడదు. ఉంగరంలా వదులుగా తొడగాలి, రోగి తీసెయ్యాలనుకుంటే తీసేసేట్టు ఉండాలి.

"ముడేస్తే అది సంకెలరా, మందు కాదు" అనేది ఆ వైద్యం తెలిసిన ముత్యాలవ్వ.

ఆ వైద్యంతో గంగులు ముఖాన కాస్త నెత్తురు చుక్క కనిపించింది. తనంతట తానే బాతుగుడ్ల బుట్ట నెత్తికెత్తుకొని జాగరపురి సంతకు బయలుదేరాడు. పొద్దున తాగిన గంజిలోని మందు పుప్పొడి పైపెదవికి నీలంగా అంటుకొని ఉంది. సంతలో భటులు అది చూశారు. నయంచేసే మందే నేరానికి సాక్ష్యమై కూర్చుంది.

జాగరపురిలో పుప్పొడి పీల్చినవాళ్ళకు ఉన్నది ఒకటే శిక్ష: కదురు. తంతుభైరవుడనే మాంత్రికుడు మిట్టమధ్యాహ్నం వేళ, ఎవరికైనా కునుకు ముంచుకొచ్చే ఆ వేళ, ముద్దాయి రెప్పలమీదినుంచి నిద్రను దారంలా వడికి కండెలకు చుట్టుకుంటాడు. వడికేకొద్దీ ఆ మనిషి తనవాళ్ళను మరిచిపోతాడు. ఆఖరి పోగు కూడా పోయాక రెప్ప వెయ్యడు. ఈటె పట్టుకొని కోటగోడమీద నిలబడి ఎల్లకాలం కావలి కాస్తాడు. అలాంటివాళ్ళను మేలుకాపులంటారు. గంగులు కళ్ళలో మిగిలిన ఆఖరి పోగును ఈ మధ్యాహ్నమే తీస్తారని గడ్డి పడవలవాళ్ళు కబురు తెచ్చారు.

"ఎలాగోలా వాడి వేలికి దారం తొడుగు. ఆపైన దారమే చూసుకుంటుంది" అని ముత్యాలవ్వ ఇచ్చిన తామరనార ఇప్పుడు మైలారి మొలతాడుకు చుట్టుకొని ఉంది.

ముసలమ్మ కేక వెయ్యకపోయినా భటులు వచ్చారు.

"లేవరా! ఏం పీల్చావు?"

"గాలేనండి. కాస్త నీలంగా తగిలింది."

వాళ్ళు అతన్ని రెక్కపట్టి లేపారు. అప్పుడుగాని మైలారి ఎడమకన్ను మేలుకోలేదు.

*

జాగరపురి ధర్మసభ ముత్యపుచిప్పలాంటి తెల్లని మండపం. నూరు స్తంభాలకు నూరు అద్దాలు. ఏ మూల నిలబడినా మనిషికి తన ముఖమే తెల్లబోయి ఎదురొస్తుంది. ఎత్తైన పీఠంమీద ధర్మాధికారి దండపాణి కూర్చొని ఉన్నాడు. ఆయన కళ్ళకింద చారలు చూస్తే ఆయనకూ నిద్ర అంతంతమాత్రమే అనిపిస్తుంది.

ఆ రాజ్యానికి పునాది వేసిన పూర్వరాజు ఒక శాసనం చేసి పోయాడు. ఫిర్యాది లేని వ్యాజ్యం చెల్లదని. దొంగతనానికి సొమ్ము పోయినవాడు వస్తాడు. కొట్లాటకు దెబ్బ తిన్నవాడు వస్తాడు. తన వాకిట్లో కూర్చొని పుప్పొడి పీల్చినవాడిమీద ఎవడు వస్తాడు? శాసనం తప్పకూడదు, శిక్షా తప్పకూడదు. అందుకని బుద్ధిమంతుడెవడో ఒక ఉపాయం కనిపెట్టాడు.

"ఫిర్యాది వారు వేంచేశారా?" అన్నాడు దండపాణి.

వెండిపళ్ళెంలో ఒక పెద్ద గుమ్మడికాయను మోసుకొచ్చారు. దానికి పట్టు తలపాగా చుట్టి, గంధంబొట్టు పెట్టి ఉంది. మెత్తటి పీటమీద కూర్చోబెట్టగానే సభ అంతా లేచి నిలబడింది.

మైలారి గుమ్మడికాయకు వంగి దండం పెట్టాడు. "అయ్యగారూ, వీరికీ నాకూ ముఖపరిచయం లేదండి. నేను వీరినేం చేశానంటారు?"

"ఈ నేరంలో నష్టపోయినవారికి వారు ప్రతినిధి."

"నష్టపోయిందెవరండి?"

"అది తేలకనే గదరా వారిని కూర్చోబెట్టింది!" అని పక్కనున్న గుమాస్తా నోరు జారి, నాలిక కరుచుకున్నాడు.

"అదా సంగతి. గుమ్మడికాయ పేరెత్తితే దొంగలు భుజాలు తడుముకుంటారంటారు గదండి. ఇక్కడేమో సభవారే తడుముకుంటున్నారు."

వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. దండపాణి కోల నేలకేసి కొట్టాడు.

"నీ ఒళ్ళు నీదనుకొని వాగుతున్నావు. నువ్వు రాజుగారి పొలంలో ఎద్దువు. ఎద్దు మత్తుగా పడుకుంటే నష్టం పొలానికి కాదా?"

"మంచిమాట సెలవిచ్చారు. ఎద్దుకి జబ్బు చేస్తే మీ ఇంటికాడ పశువుల వైద్యుణ్ణి పిలుస్తారా అండి, కసాయిని పిలుస్తారా?"

దండపాణి బొట్టుమీదుగా ఒక చెమటచుక్క జారింది. కోపంతో కాదు, ఆలోచించే చెమట.

"ఎద్దు లేస్తే పొలానికి పోతుంది. వీళ్ళు లేస్తే మళ్ళీ సంపెంగ తోటకే పోతారు" అన్నాడు నెమ్మదిగా.

"పోతారండి. ఒకసారి కాదు, మళ్ళీమళ్ళీ పోతారు. పోయినప్పుడల్లా పట్టుకొని తీసుకురావాలి. ఈత నేర్పేవాడు, పిల్లోడు మునిగినప్పుడల్లా పీక నొక్కుతాడా అండి?"

"నీ పద్ధతికి ఏళ్ళు పడుతుంది. కదురుకు ఒక్కపూట చాలు. రాజ్యానికి తీరిక లేదు, నాయనా." ఆ ఆఖరిమాట కావాలని అన్నట్టు లేదు. ఆయన గుమ్మడికాయవైపు చూడలేక పక్కకు చూస్తూ తీర్పు చెప్పాడు: "కదురు!"

వ్యాజ్యం గెలిచిన ఫిర్యాదికి దిష్టి తగలకుండా, తలపాగాతో సహా తీసుకెళ్ళి కోటకందకంలో దొర్లించడం ఆ సభకు ఆచారం. మైలారిని, గుమ్మడికాయను ఒకే బండిలో ఎక్కించి మేలుకోటకు తోలారు.

*

మేలుకోట దూరానికి ఎండలో కరగని మంచుముద్దలా ఉంది. దాని చుట్టూ కందకం. కందకం నిండా గెలిచిన ఫిర్యాదులు. బంగారురంగు గుమ్మడికాయలు, కొన్ని తలపాగాలతో, కొన్ని తలపాగాలు జారి, చిన్న అలలకు ఒకదానికొకటి తల ఊపుకుంటూ, పెద్దమనుషుల సభలా తేలుతున్నాయి. వాటి సందుల్లో మొసళ్ళు. గోడల మీద మేలుకాపులు. వాళ్ళ కళ్ళమీద ఈగలు వాలినా రెప్పలు కదలవు. ఇంతమంది నిద్రలేని కావలివాళ్ళున్న కోటను లోకంలో ఏ రాజూ ముట్టడించలేదు. పుప్పొడి పీల్చేవాళ్ళు తగ్గిపోతే కావలివాళ్ళెక్కడినుంచి వస్తారన్న దిగులే ఆ కోటకు ఉన్న ఒక్క దిగులు.

పైఅంతస్తులో దంతపుజాలీ వెనక రాజు రణకేసరి పవళించి ఉన్నాడు. ఎన్నో కోటలు గెలిచాడుగాని, ఒక్క కునుకు గెలవలేకపోయాడు. యుద్ధంలో చచ్చినవాళ్ళ కేకలు వినిపించి, కళ్ళు మూస్తే చాలు, ఉలిక్కిపడి లేచేవాడు. ఒకనాడు తంతుభైరవుడు వచ్చి, ఎవడిదో నిద్ర కండె ఒకటి తెచ్చి అతని రెప్పలమీద పరిచాడు. ఆరోజు రాజు పసిపిల్లాడిలా పడుకున్నాడు. ఆనాటినుంచీ రోజుకో కండె లేనిదే అతనికి గడవదు.

మైలారిని కోటగోడను ఆనుకొని ఉన్న ఎత్తైన రాతిబండమీదికి ఈడ్చుకొచ్చారు. బండ నడుమ ఏనుగంత రాట్నం. దాని పక్కన తంతుభైరవుడు. గడ్డం జడలు జడలుగా అల్లుకొని, ప్రతి జడకొసకూ ఒక కదురు వేలాడుతోంది. అతని గొంతు రాట్నం తిరిగినట్టే ఉంటుంది.

"పడుకో నాయనా, పడుకో... నువ్వు పడుకోకపోయినా నీ నిద్ర నా కదురుమీద పడుకుంటుంది..."

చుట్టూ గోడవారన కండెలు పేర్చి ఉన్నాయి. రైతుల నిద్ర వరిగడ్డి రంగు. జాలర్ల నిద్ర నాచు రంగు. ఒక మూల చిన్న కండె పాలరంగులో ఉంది. అది ఏ పసివాడిదో అనుకోగానే మైలారికి గుండె చెరువైంది.

ముద్దాయిల వరసలో మొదట కూర్చొని ఉన్నాడు గంగులు. మైలారి భటుల చెయ్యి విదిలించుకొని పోయి పక్కన కూలబడ్డాడు.

"అన్నాయ్! నేనే. వచ్చేశాను."

గంగులు మర్యాదగా పక్కకు జరిగి చోటిచ్చాడు. "కూర్చోండి బాబూ. మీరు ఎవరి తాలూకు?"

మైలారి మొలతాడునుంచి తామరనార విప్పి, ఒక కొస గంగులు చిటికెనవేలికి తొడిగాడు. రెండో కొస తన వేలికి. ముడి వెయ్యలేదు.

గంగులు ఆ దారంవైపు వింతగా చూశాడు. మనసు మరిచిందిగాని వేలు మరవలేదు. అది మెల్లగా, అలవాటు చొప్పున, ఒక్కసారి లాగింది.

అంతలో రాట్నం కదిలింది. గంగులు రెప్పలమీదినుంచి మడుగునీటి రంగులో సన్నని పోగు లేచి కదురుకు చుట్టుకోసాగింది. పైనుంచి రాజు కేక వినిపించింది.

"భైరవా! మధ్యాహ్నం దాటుతోంది. నా కండె ఏది?"

"వచ్చె, వచ్చె మహాప్రభూ! ఒక్క మూరెడు మిగిలింది!"

మూరెడు అయిపోయింది. పోగు తెగలేదు. ఇంకో మూరెడు వచ్చింది. ఇంకో బారెడు వచ్చింది. మైలారి ఎడమకంటి నిద్ర తామరనార వెంట గంగులులోకి పారుతోంది. తంతుభైరవుడి కళ్ళు మెరిశాయి.

"ఇదేం నిద్రరోయ్! చెలమలో నీళ్ళలా తోడేకొద్దీ ఊరుతోంది!"

ఎడమకంటి నిద్ర సగం సాగాక, వెనకే కుడికంటి నిద్ర కూడా బయలుదేరింది. అక్కడ వచ్చింది తంటా. లోకంలో ఎవడి నిద్రయినా రెండు కళ్ళనుంచి ఒక్క పోగై వస్తుంది. బాతుల మధ్య పెరిగినవాడి నిద్ర అలా కాదు. ఒకటి కుడికి తిరుగుతుంది, ఒకటి ఎడమకు తిరుగుతుంది. ఒకటి పడుకుంటే ఇంకోటి లేస్తుంది. రెండూ కదురుమీద ఎదురుపడి, పాత పగవాళ్ళలా జుట్టూజుట్టూ పట్టుకున్నాయి. రాట్నం కిర్రుమంది.

చిక్కు పడ్డప్పుడు వడికేవాడు రాట్నం ఆపాలి. మాంత్రికుడికీ తెలుసు. అయితే పైన రాజు, "కండె! కండె!" అని నేలమీద కాళ్ళు కొట్టుకొంటున్నాడు. తంతుభైరవుడు పళ్ళు బిగబట్టి, బలమంతా పెట్టి, లాగాడు.

కదురు ఫెళ్ళున విరిగింది.

గోడవారనున్న కండెలన్నీ ఒక్కపెట్టున విప్పుకున్నాయి. వరిగడ్డి రంగు, నాచు రంగు, పాలరంగు నిద్రలు పొగమంచులా లేచి, తమ తమ కళ్ళు వెతుక్కుంటూ, దారిలో తగిలినవాళ్ళనల్లా జోకొడుతూ కోటంతా పాకాయి. గోడమీద ఒక మేలుకాపు రెప్ప వేశాడు. ఎన్నాళ్ళకు వేసిన రెప్పో, ఆ చప్పుడు పావురం రెక్క కొట్టుకున్నట్టు వినిపించింది. "అమ్మా, ఆకలి" అంటూ ఈటెకు చెంప ఆనించి ఒరిగిపోయాడు. పక్కవాడు "ఇదిగో నాగమ్మా, దూడ తాడు తెంపుకుంది చూడు" అని నవ్వుకుంటూ కూర్చున్నచోటే కునికాడు. కాపలావాళ్ళందరూ పేర్లు, ఊళ్ళు, ఆలుబిడ్డల ముచ్చట్లు గొణుక్కుంటూ, గాలికి వాలిన వరిచేనులా వాలిపోయారు. గాలిలో ఎగిరే పావురాలు కూడా మెల్లగా, ఈకల్లా, చుట్లు తిరుగుతూ దిగి చూరులమీద ముడుచుకున్నాయి.

గంగులు కళ్ళు నలుపుకున్నాడు. మైలారి ముఖంలోకి చూశాడు.

"ఒరే చంటోడా, బాతులకి నూకలేశావా?"

మైలారి ఏడవలేక నవ్వాడు. "ఏశానన్నాయ్. లే, పోదాం."

అతని ఎడమకన్ను అప్పటికే మూతపడింది. కుడికన్ను చాలు.

తంతుభైరవుడు విద్య నేర్చుకొన్ననాడే తన నిద్రను గురువుకు దక్షిణగా ఇచ్చేసినవాడు. అతన్ని ఏ నిద్రా అంటలేదు. గడ్డపుజడలోంచి ఒక కదురు పీకి విసిరాడు. అది గాలిలో నల్లతాచై బుసకొట్టింది. మైలారి పక్కనున్న నిద్రగన్నేరు తొట్టి ఎత్తి దానిమీద బోర్లించి, అన్నను భుజాన వేసుకొని, గోడ అంచుకు ఉరికాడు. వెనకనుంచి ఇంకో కదురు, ఇంకో తాచు. ముందు కందకం.

"అన్నాయ్, ఈత గుర్తుందా?"

"నిద్రొస్తందిరా."

"నీళ్ళలో పడ్డాక పోదువుగాని!"

ఇద్దరూ గుమ్మడికాయల నడుమ ధభీమని పడ్డారు. మైలారి చేతికందిన పెద్దకాయను అన్న చంకకింద దోపాడు. అది పొద్దుటి ఫిర్యాదే, గంధంబొట్టు ఇంకా చెదరలేదు. ఎదురుగా మొసలి నోరు తెరిచింది. కొరకడానికో, ఆవులించడానికో తెలియదు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండగా అది మెల్లగా పక్కకు ఒరిగి గురకపెట్టింది. ఈలోపు ఇద్దరూ కాళ్ళతో నీళ్ళు తన్నుకుంటూ దాన్ని దాటారు. అలా ఫిర్యాదే ముద్దాయిల్ని గట్టెక్కించాడు. కాయను గట్టున పెట్టి మైలారి మళ్ళీ దండం పెట్టుకున్నాడు.

*

రెల్లుపొదల్లో దాచిన పడవమీద దొరసాని కూర్చొని ఉంది. దొరసాని అంటే మైలారి మందకు పెద్దబాతు. ఆలస్యమైనందుకు చెడామడా తిట్టింది. మైలారి అన్నను పడవలో కూర్చోబెట్టి గడ అందుకున్నాడు.

గట్టునున్న చెట్లు నీలిసంపెంగలు. గాలికి పుప్పొడి నీలిపొగలా నీళ్ళమీద దిగుతోంది. గంగులు ముక్కుపుటాలు అదిరాయి. ఖాళీగా ఉన్న చెయ్యి తనకు తెలియకుండానే ఒక కొమ్మవైపు లేచింది. నిద్ర తిరిగి వచ్చినంత మాత్రాన ఆ రేవు, ఆ పడవలు, కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకొని దిగే ఆ మనిషి ఎక్కడికి పోతాయి?

మైలారి వేలిమీద దారం చురుక్కుమంది.

"లాగుతోందిరా, చంటోడా" అన్నాడు గంగులు, పళ్ళ సందునుంచి.

"లాగనీ. నేనున్నా. విన్నావా, మన కుంటిబాతు గుడ్లు పెట్టింది. పొదగమంటే పొదగదు. ఊరికే లేచి సంతలో పడి తిరుగుతోంది, అచ్చం మన మేనత్తలాగ..."

కబుర్లు సాగుతుండగా పడవ కొమ్మ దాటింది. గంగులు చెయ్యి దిగి ఒళ్ళో పడింది.

అప్పుడు వెనక, కందకంనుంచి వచ్చే కాలువలో చప్పుడైంది. ఒక గుమ్మడికాయను కౌగిలించుకొని ఎవడో తేలివస్తున్నాడు. తలమీద కిరీటం లేదు. మెడలో ముత్యాలహారం నాచులో చిక్కుకొని ఉంది. కళ్ళు రెండూ నిప్పుకణికలు. రాజు రణకేసరి! కోటంతా నిద్రపోయినా, కండెకట్టిన నిద్రకే అలవాటుపడ్డ ఆ కళ్ళకు విడినిద్ర అంటలేదు.

"ఎవడురా నీవు! నీ కన్ను ఒకటి నిద్రపోతున్నది. ఇయ్యి! ఆ కన్ను నాకియ్యి. రాజ్యంలో సగమిస్తా..." అంటూ వచ్చి పడవ అంచు పట్టుకున్నాడు.

మైలారి గడ పైకెత్తాడు. "అన్నాయ్, తల దించు. వీడి నెత్తిన ఒక్కటేసి మొసళ్ళకి నైవేద్యం పెడతా. ఎంతమంది ఇళ్ళు ఆర్పాడు!"

"ఆగు" అన్నాడు గంగులు. రాజు ముఖంలోకి చాలాసేపు చూశాడు. ఎండిపోయిన పెదవులు. ఎక్కడా లేని రేవుకోసం వెతికే చూపు. ఈ ముఖం అతనికి తెలుసు. వాకిట్లో నీళ్ళతొట్టిలో రోజూ చూసుకొన్న ముఖమే.

"వీడు చేసిందానికి శిక్ష వేరే ఉందిరా. చెడ్డోడు కాడని అనట్లేదు. ఇళ్ళు ఆరినోళ్ళు నిజం ఫిర్యాదులై వస్తారు, వాళ్ళ ముందు నిలబడతాడు. కానీ ఈ జబ్బు మటుకు నాదే. దారం తెంపు."

"అన్నాయ్, నీకే ఇంకా..."

"తెంపరా."

మైలారి గొణుక్కుంటూ తామరనారను నడిమికి తెంపాడు. ఒక ముక్క అన్నదమ్ముల వేళ్ళకు. రెండో ముక్కను గంగులు తన ఎడమచేతి చిటికెనవేలికి తొడుక్కొని, ఇంకో కొస రాజు వేలికి తొడిగాడు. రత్నాల ఉంగరాల పక్కన ఆ నార పల్లెటూరి చుట్టంలా ఒదిగి కూర్చుంది.

"మనసు పీకినప్పుడు లాగాలి. అంతే."

రాజును పడవలోకి లాగి, మైలారి గడ వేశాడు. ఎదుట రెల్లు మీద పొగమంచు తెరలా దిగుతోంది. దాంట్లో దూరితే ఇక ఎవరికీ చిక్కరు. సరిగ్గా అప్పుడే ఎండ మసకబారింది. తంతుభైరవుడు తన నల్లశాలువను రెక్కలుగా విప్పుకొని పడవ నెత్తిన వచ్చి ఆగాడు. అతని గోళ్ళమధ్య, విప్పుకోకుండా మిగిలిన ఒకే ఒక కండె మిలమిలలాడుతోంది.

"రాజా! ఇదిగో నీ నిద్ర. నీ వేలికున్నది చూసుకో, దానికి ముడి కూడా లేదు. విదిలిస్తే ఊడిపోతుంది. విదిలించి చెయ్యి చాపు!"

రాజు తన వేలివైపు చూసుకున్నాడు. నిజంగానే ముడి లేదు. ఒక్క విదిలింపు చాలు. ఆ తరువాత మేలుకోట, సైన్యం, కొత్త కదురు. రెల్లుమడుగులో ఒక్క గుడిసె మిగలదు. మైలారికి ఆ సంగతి తెలుసు. చేతిలో గడ ఉంది. కానీ అన్న అతనివైపే చూస్తున్నాడు.

"తియ్యాలంటే తియ్యండి, రాజుగారూ" అన్నాడు మైలారి, దవడలు బిగించి. "లాగాలంటే లాగండి. మీ ఇష్టం."

కండె ఇంకా కిందికి దిగింది. దాని వెలుగు రాజు కళ్ళలో పాలలా నిండింది. రాజు రెండో చెయ్యి వచ్చి నారమీద ఆగింది. బాతు కూడా అరవడం మానేసింది.

రాజు వేలికున్న నార బిగిసి, గంగులు ఎడమచెయ్యి కదిలింది. ఆ వెనకే కుడిచెయ్యి కదిలింది. మైలారి చిటికెనవేలు చురుక్కుమంది.

మైలారి ఎడమకన్ను కూడా తెరిచాడు. ఒక్క తోపుకు పడవను పొగమంచులోకి నెట్టి, నెత్తిన విరుచుకుపడుతున్న నల్లరెక్కల చప్పుడుకంటే గట్టిగా అరిచాడు.

"వినండి రాజుగారూ! మా కుంటిబాతు ఒకటుందండి..."